చిన్న పొట్లం

మా నాన్న వ్యవసాయపు జమాఖర్చులు రాసుకున్న పుస్తకాలు పాత ఇంటి అటక మీద ఒక రేకుపెట్టెలో దొరికాయి. మొత్తం ఇరవై రెండు ఉన్నాయి. పొడవాటి ఎర్ర అట్ట పుస్తకాలవి. కొన్నింటి అంచులను ఎలుకలు కొట్టివేశాయి. ప్రతి ఏడూ పత్తి ఖర్చు కింద ఆయన రాసే వరుస ఒక్కటే: విత్తనాలు, దుక్కి, ఎరువులు, మందులు, కూలి, కౌలు, వడ్డీ. 1984 పుస్తకంలో మిగిలిన అన్నింటికీ ఎదురుగా అంకెలు ఉన్నాయి గానీ విత్తనాలకు ఎదురుగా లేదు. అక్కడ “ఇంటివి” అని ఒక్క మాట రాసి ఉంది.

ఆ మాట చూడగానే నాకు మా వసారాలో ఒక మూల గోడకు ఆనించి ఉండే గోతం గుర్తుకు వచ్చింది. గుంటూరుకు దక్షిణంగా పర్చూరు వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. చినుకు పడితే చెప్పులు ఊడబెరికే నల్లరేగడి నేలలు. ఆ రోజుల్లో మా వైపు అందరూ వేసింది ఎంసీయూ-5 అనే పొడుగు పింజ రకం. అది సంకరం కాదు, మామూలు రకం. ఈ ఏటి గింజ పెడితే వచ్చే ఏడు అదే పత్తి వస్తుంది. మొదటి రెండు తీతల్లో వచ్చిన మంచి పత్తిని నాన్న విడిగా ఉంచి, జిన్నింగు మిల్లుకు తానే బండి తోలుకుపోయి, గింజలు మరొకరి గింజలలో కలవకుండా దగ్గరుండి ఆడించుకుని వచ్చేవారు. దూది అమ్మకానికి పోయేది, గింజలు ఇంటికి వచ్చేవి. వాటిలో ఏరి పెట్టినవి విత్తనానికి, మిగిలినవి గేదెలకు. నానబెట్టి రుబ్బిన పత్తిగింజలు తిన్న గేదె పాలకు ఉండే చిక్కదనాన్ని గురించి మా నాయనమ్మ చెప్పటం మొదలుపెడితే ఆపేది కాదు.

విత్తే ముందు రోజు చేసే పని పిల్లలకు పండుగ. మిల్లు నుంచి వచ్చిన గింజకు నూగు అంటుకుని ఉంటుంది కనుక ఒకదానిని ఒకటి పట్టుకుని ముద్ద కడతాయి. నాయనమ్మ పేడ కలిపిన నీళ్లు చల్లి, బూడిద పోసి, గోనెపట్టా మీద రెండు చేతులతో గింజలను గుండ్రంగా రుద్దేది. మేము కూడా రుద్దేవాళ్లము. కాసేపటికి నూగు అణిగి, గింజలు శనగల మాదిరి విడివిడిగా జారేవి. మరునాడు అచ్చు తోలిన చేలో గీత గీత కలిసిన చోటల్లా మూడేసి గింజలు పడేవి. ఎకరాకు నాలుగైదు కిలోలు పట్టినా ఎవరూ లెక్క చూసుకునేవారు కాదు. పొరుగాయనకు తక్కువ పడితే ఒక తట్ట ఇవ్వటం, మరుసటి ఏడు ఆయన దగ్గర ఒక తట్ట తెచ్చుకోవటం అనేది పద్దులో రాయవలసిన వ్యవహారమే కాదు.

కంపెనీలు అంటే మాకు తెలియవని అనుకోకూడదు. మా జిల్లాలో కంపెనీ అనే మాట ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పొగాకుతో పాటు దిగింది. చీరాలలో ఐ.ఎల్.టి.డి. అనే పొగాకు కంపెనీ పేరు తెలియని ముసలివారు ఉండేవారు కాదు. “వాడికేం, కంపెనీలో పని” అంటే అక్కడ పని అనే అర్థం. వర్జీనియా పొగాకు వేసిన రైతు ఆకు రంగు ఎలా ఉండాలో, దానిని ఆరబెట్టే బ్యారన్‌లో ఎంత వేడి పెట్టాలో, ఏ గ్రేడుకు ఎంత ఇస్తారో కొనేవాడు చెప్పగా విన్నవాడే. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చి, ఆ తరువాత వేలం కేంద్రాలు పెట్టేదాకా రైతు మాటకు అక్కడ పెద్ద విలువ లేదు. అయితే పొగాకు కంపెనీ మా పంటను కొనేది, అంతే. పంట వేయటానికి ముందే మా దగ్గర వసూలు చేసుకునే కంపెనీలను మేము పత్తితోనే చూశాము.

ముందు వచ్చింది మందు. 1980ల మొదట్లో ఒక సాయంత్రం మా ఊరి రామాలయం ముందు జీపు ఆపి, తెల్లగుడ్డ కట్టి, బొమ్మ ఆడించారు. బొమ్మ ఏదో సినిమా అనుకుని పోయిన మాకు తెర నిండా పురుగు కనిపించింది. దాని మీద ఒక చుక్క పడగానే గిలగిల తన్నుకుని చచ్చింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే మాట మాకు ఎవరికీ నోరు తిరగలేదు గానీ సింబుష్, సుమిసిడిన్, రిప్‌కార్డ్ అనే పేర్లు చదువు రాని వారికి కూడా నెల తిరిగేసరికి కంఠతా వచ్చాయి. గోడల నిండా అవే రాతలు. మా తరగతిలో ఒక కుర్రవాడికి సింబుష్ అని అడ్డపేరు స్థిరపడిపోయింది, ఎందుకో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావటం లేదు.

మొదటి రెండేళ్లు ఆ మందులు నిజంగానే పనిచేశాయి. ఆ సంగతి దాచి చెప్పటం అన్యాయం. తరువాత జరిగింది మాత్రం ఏ గోడ మీదా రాయలేదు. పురుగును తినే పురుగులు కూడా చచ్చిపోయాయి. 1984-85లో తెల్లదోమ పొగలా లేచింది. చేలోకి పోతే ముక్కులోకి, కళ్లలోకి వచ్చేది, ఆకులు బంక కారి నల్లబడేవి. 1987లో శనగపచ్చ పురుగు వచ్చింది, ఆ మందులు దానికి తలకు పోసుకునే నీళ్లతో సమానమయ్యాయి. ఆ ఏటి పుస్తకంలో “మందులు” అన్న వరుసకు ఒక పేజీ చాలక నాన్న కొత్త పేజీ అతికించారు. లెక్కపెట్టి చూశాను, ఇరవై మూడు సార్లు కొట్టించారు. చివరి ఆరు సార్లూ రెండు మూడు మందులు కలిపి కొట్టినవే. పురుగుమందుల కొట్టు ఆయన చెప్పిందే శాస్త్రం, ఆయన ఇచ్చిందే అప్పు, పత్తి తెచ్చి పోయవలసింది కూడా ఆయన చెప్పిన చోటే. ఆ శీతకాలం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా వీధిలో ఒక ఇంటి ముందు సంక్రాంతికి ముగ్గు పడలేదు. ఆ ఇంటి పిల్లవాడు నాతో బడికి వచ్చేవాడు, ఆ తరువాత రావటం మానేశాడు. ఇంతకు మించి దాని గురించి రాయటం నాకు చేతకాదు.

“ఇంటివి” అన్న మాట నాన్న పుస్తకంలో చివరిసారి కనిపించేది 1989లో. ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పుకోవాలి. మా ఇంటి విత్తనాన్ని అమెరికా కంపెనీ ఎత్తుకుపోయిందని సభల్లో వక్తలు అంటూ ఉంటారు. నేను కూడా కాలేజీ రోజుల్లో అలాగే ఉపన్యసించాను. పుస్తకాలు చూస్తే మాత్రం ఆ కంపెనీ పేరు మా ఊళ్లో వినపడటానికి దాదాపు పదేళ్ల ముందే ఆ గోతం ఖాళీ అయింది. ప్రపంచంలో వ్యాపారానికి పనికివచ్చిన మొదటి సంకర పత్తి హెచ్-4ను 1970లో తయారుచేసింది మన సూరత్‌లోని ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో సి.టి. పటేల్ గారు. తరువాత వరలక్ష్మి, ఆ తరువాత మరెన్నో. సంకర విత్తనం బాగా కాస్తుంది గానీ దాని గింజ దాచి మరుసటి ఏడు పెడితే తల్లి పంట రాదు, ఒక్కో మొక్క ఒక్కో తీరున వస్తుంది. కనుక ప్రతి ఏడూ కొనుక్కోక తప్పదు. ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ వస్తాయన్న ఆశతో ఆ పని మేము ఇష్టపడే చేశాము. ఒకసారి ఏటేటా కొనటం అలవాటైన తరువాత ఎవరి దగ్గర కొనాలన్నది మన చేతిలో ఎంతవరకు ఉంటుందన్నది వేరే సంగతి.

ఆ గింజలు ఎక్కడ తయారవుతాయో నేను ఉద్యోగం వచ్చాక కర్నూలు జిల్లాలో తిరుగుతూ చూశాను. నంద్యాల వైపు, అటు గద్వాల వైపు చేలల్లో ఆడపిల్లలు సాయంత్రం పూట పూమొగ్గల్లోని మగభాగాన్ని గోటితో తీసివేసి, మరునాడు పొద్దున్నే మరో మొక్క పూల పుప్పొడిని ఒక్కొక్క పువ్వుకే అద్దేవారు. వారిలో చాలామంది బడి ఈడు పిల్లలే. పేర్లు పెద్ద పెద్దవి ఉన్న ప్యాకెట్లన్నీ ఆ చిన్న వేళ్ల మీదుగానే వచ్చేవి.

మాన్‌శాంటో అన్న ఆ అమెరికా కంపెనీ పేరు నేను మొదట విన్నది 1998లో. ఆ ఏడు వరంగల్లు జిల్లాలో పత్తి దెబ్బతిని, రైతుల మరణాలు రోజూ పత్రికల్లో వచ్చేవి. ఆ నవంబరులోనే పక్కన కర్ణాటకలో నంజుండస్వామి గారి రైతు సంఘం వారు ఆ కంపెనీ బీటీ పత్తి, అంటే కాయ తొలిచే పురుగును చంపే జన్యువును ఒక బాక్టీరియా నుంచి తెచ్చి చేర్చిన పత్తి, వేసి పరీక్షిస్తున్న చేలను పీకి తగులబెట్టారు. మన రాష్ట్రంలోనూ ఆ ప్రయోగాలు ఆపించారు. మొలకెత్తని గింజ, “టెర్మినేటర్” గింజ వస్తోందని, అది పక్క చేలను కూడా గొడ్డుబోయేలా చేస్తుందని ఊరూరా పుకారు. బీటీ పత్తికీ ఆ టెర్మినేటర్‌కూ సంబంధం లేదు. అది వేరే పేటెంటు, ఏనాడూ చేలోకి రాలేదు. కానీ అప్పుడు అది విడమరచి చెప్పేవారు ఎవరు? పాత రోజుల్లో సైకిలు మీద వచ్చే గ్రామసేవకుడు లేడు. గుంటూరు దగ్గరి లాం పరిశోధన ఫారం శాస్త్రవేత్తల మాట రేడియోలో పొద్దున్నే వస్తుంది, అప్పటికి రైతు చేలో ఉంటాడు. మా ఊరికి రోజూ వచ్చేది మోటారు సైకిలు మీద కంపెనీ కుర్రవాడొక్కడే. అతను మంచివాడు, నాన్నను “పెదనాన్నగారూ” అని పిలిచేవాడు. పెళ్లిళ్లకు, చావులకు కూడా వచ్చేవాడు. అతను చెప్పగలిగింది మాత్రం అతని కంపెనీ చెప్పమన్నది.

2002 మార్చి 26న కేంద్ర ప్రభుత్వపు సంఘం మూడు బీటీ సంకరాలకు అనుమతి ఇచ్చింది: మెచ్-12, మెచ్-162, మెచ్-184. మూడూ జాల్నాలోని మహికోవి. మాన్‌శాంటో దానిలో అంతకు ముందే 26 శాతం వాటా కొన్నది. ఆ రెండూ సగం సగంగా పెట్టుకున్న ఉమ్మడి సంస్థ ఆ జన్యువును ఇతర విత్తన కంపెనీలకు కూడా ఇచ్చి రుసుము తీసుకునేది. ఆ తరువాతి ఏడు నాన్న పుస్తకంలో ఇలా ఉంది: “విత్తనాలు, బీటీ, 10 ప్యాకెట్లు, 1,600 చొప్పున, 16,000.” కింద చిన్న అక్షరాలతో “మామూలు రకం 450” అని కూడా రాసుకున్నారు. పోల్చుకోవటానికి కాబోలు.

ఆ మొదటి ప్యాకెట్ విప్పిన రోజు నాకు బాగా గుర్తున్నది. లోపల రెండు పొట్లాలు ఉన్నాయి. పెద్దది 450 గ్రాములు, ఎకరాకు సరిపడే బీటీ గింజలు. చిన్నది 120 గ్రాములు. బీటీ లేని మామూలు గింజలు. చేను చుట్టూ అయిదు సాళ్లు గానీ, అయిదో వంతు చేను గానీ ఆ చిన్న పొట్లంలోని గింజలు పెట్టాలని కాగితం మీద ఉంది. బీటీని తట్టుకుని బతికిన ఒకటీ అరా పురుగు, ఆ అంచు సాళ్లలో హాయిగా పెరిగిన మామూలు పురుగులతో జత కడితే, వాటి సంతానానికి ఆ తట్టుకునే శక్తి రాదని దాని తాత్పర్యం. నాన్న కాగితాన్ని కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, చెప్పినట్లే అయిదు సాళ్లు పెట్టారు. పెట్టినవారు ఊళ్లో ఇద్దరో ముగ్గురో. ఆ సాళ్లలో పురుగు పడి కాయలు తొలిచి వేస్తుంటే దారిన పోయేవారు ఆగి నవ్విపోయారు. పురుగులను మేపటానికి కౌలు కట్టే రైతు ఎవరైనా ఉంటారా? మరుసటి ఏడు నాన్న కూడా పెట్టలేదు.

చిన్న పొట్లాలు పదీ ఇంట్లో పడి ఉంటే అమ్మ వాటిని గేదెలకు నానబెడదామని విప్పింది. గింజలకు రంగు వేసి ఉంది, ఘాటు వాసన. “మందు పట్టించారు, గొడ్డుకు కూడా పనికిరావు” అని వాటిని తీసుకుపోయి పెంట మీద పోసి వచ్చింది. పత్తిగింజ గేదెకు పనికిరాని రోజు ఒకటి వస్తుందని తన అత్తగారు బతికి ఉంటే నమ్మేది కాదని ఆ రోజంతా అంటూనే ఉంది.

బీటీ మాత్రం పనిచేసింది. ఇరవై మూడు సార్లు కొట్టించిన మనిషి ఆ ఏడు పుస్తకంలో ఏడు సార్లు రాసుకున్నారు, అది కూడా రసం పీల్చే పురుగులకు. మెచ్ రకాలు మా నేలలకు అంతగా పడలేదు, కొన్ని జిల్లాల్లో నష్టపోయిన రైతులకు పరిహారం కట్టమని ప్రభుత్వం అడిగినా కంపెనీ ఒప్పుకోలేదు. 2005లో ఆ మూడింటినీ మన రాష్ట్రంలో నిలిపివేశారు. కానీ అప్పటికే అదే జన్యువుతో బన్నీ, మల్లిక వంటి రకాలు వచ్చాయి, వాటిని మా వాళ్లు ప్రేమించారు. పేచీ అంతా ధర దగ్గరే. 1,600 నుంచి 1,850 రూపాయల దాకా అమ్మే ప్యాకెట్‌లో సుమారు 1,250 ఆ జన్యువు కోసం కట్టే రుసుమే. ఆ మొదటి బీటీ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. అందుకే దానిని రాయల్టీ అనకుండా “ట్రెయిట్ వాల్యూ” అన్నారు. అంటే, పురుగుమందులో రైతుకు మిగిలిన డబ్బులో మాకు రావలసిన వాటా అని కంపెనీ వాదన. మా ఊరి రచ్చబండ మీద ఒక పెద్దాయన దీనిని విని, “బోరు తవ్వినవాడు నీళ్ల ఖర్చు అడిగితే ఇస్తాం గాని, ఏటేటా పంటలో పాలు అడిగితే ఎట్లా?” అన్నాడు.

2006 వేసవి నాకు మరచిపోలేనిది. అప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. మార్చి 3న అమెరికా అధ్యక్షుడు బుష్ వచ్చి రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతులతో మాట్లాడాడు. ఆ విశ్వవిద్యాలయానికి అప్పుడు ఉన్న పేరు మా జిల్లా నిడుబ్రోలు మనిషి, రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా గారిది. రెండు దేశాలూ వ్యవసాయ విజ్ఞానంలో కలిసి పనిచేయాలని ఒప్పందం. దానిని నడిపే బోర్డులో అమెరికా వైపు నుంచి మాన్‌శాంటో, వాల్‌మార్ట్ ప్రతినిధులు. విచిత్రమేమంటే, సరిగ్గా ఆ నెలల్లోనే, అదే నగరంలోని సచివాలయం నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం అదే కంపెనీ మీద ఢిల్లీలోని గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌లో ఫిర్యాదు నడుపుతోంది. జనవరిలోనే వేసిన ఫిర్యాదు అది. రఘువీరారెడ్డి గారు మంత్రి, పూనం మాలకొండయ్య గారు వ్యవసాయ కమిషనర్. రైతు సంఘాలు కూడా అందులో చేరాయి. మే 11న కమిషన్ ఆ రుసుము సమంజసం కాదని, చైనా వంటి దేశాల్లో వసూలు చేస్తున్నదానిని చూసుకుని తగ్గించమని చెప్పింది. వెంటనే ప్రభుత్వం 450 గ్రాముల ప్యాకెట్ 750 రూపాయలకు మించి అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయినా స్టే రాలేదు. చూస్తుండగా తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్ అన్నీ అదే ధర అన్నాయి.

దీనిలో అందరూ రైతు మీద ప్రేమతోనే కదిలారని నేను అనను. రుసుము తగ్గితే మన విత్తన కంపెనీలకు కూడా లాభమే. వాటి పలుకుబడి సచివాలయంలో ఎంతో తెలియని వారు లేరు. ఒక పెద్ద కంపెనీని ఎదిరించటానికి మరికొన్ని కంపెనీల అవసరం కలిసివచ్చిందన్న మాట. అయినా జరిగింది జరిగింది. ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేస్తే నాన్న ముందుగా నమ్మలేదు. “కోర్టు ఆపుతుందిలే” అన్నారు. ఆగస్టులో కొట్టుకు పోయి కొన్న తరువాత గాని ఆయనకు నమ్మకం కలగలేదు. 2006 పుస్తకంలో “10 ప్యాకెట్లు, 750 చొప్పున, 7,500” అని రాసి 750 కింద రెండు గీతలు గీశారు. ఇరవై రెండు పుస్తకాల్లోనూ మరే అంకె కిందా గీత లేదు. కూతురి పెళ్లి ఖర్చు కింద కూడా లేదు.

గీత గీసినంత సులువుగా అది నిలవలేదు. 2007 మొదట్లో నిత్యావసర సరుకుల చట్టం జాబితా నుంచి పత్తి విత్తనాలు మాయమయ్యాయి, దాంతో రాష్ట్రం ధర నిర్ణయించటానికి ఉన్న ఆధారం పోయింది. పెద్ద గొడవేమీ లేదు, పత్రికల్లో లోపలి పేజీలో చిన్న వార్త. మన శాసనసభ ఆ ఏడే పత్తి విత్తనాల ధరల మీద సొంత చట్టం చేసుకోవలసి వచ్చింది. పత్తి విత్తనాలు ఆ కేంద్ర చట్టపు జాబితాలోకి తిరిగి రావటానికి 2009 డిసెంబరు దాకా పట్టింది. పెద్ద కంపెనీలు రాజకీయాన్ని నడిపిస్తాయంటే మూటలు చేతులు మారటమే అనుకునేవాడిని. ఒక జాబితాలో నుంచి ఒక మాట పోవటం, రావటం కూడా అదేనేమో అని అప్పుడు అనిపించింది. ఎవరు తీయించారో నిరూపించమంటే నా దగ్గర కాగితం లేదు. తీసివేసినందువల్ల ఎవరికి మేలో చెప్పటానికి కాగితం అక్కర్లేదు.

ఆ తరువాతి పుస్తకాల్లో అక్షరాలు వణికినట్లు ఉన్నాయి. ఒక ఏడు ఏదో ఒక కంపెనీ రకానికి విపరీతమైన గిరాకీ వచ్చి, పాసుపుస్తకానికి రెండు ప్యాకెట్లే అన్నారు. నాన్న తెల్లవారుజామున నాలుగు గంటలకు పోయి వరుసలో నిలబడ్డారు, పోలీసులు లాఠీలతో వరుస సరిచేశారు. డెబ్బయ్యేళ్లకు దగ్గరపడిన మనిషి తన చేలో వేసుకునే గింజ కోసం పోలీసుల మధ్య నిలబడటం నేను కళ్లారా చూశాను. ఇంత చేసి తెస్తే ఆ పత్తి నిలువెత్తు పెరిగింది గాని కాయ నిలవలేదు. కంపెనీ వారు కారులో వచ్చి, చేను చుట్టూ తిరిగి, వాతావరణం అన్నారు. అధికారులు పంచనామా రాసుకుపోయారు. పరిహారం సంగతి అడగటానికి మూడుసార్లు తిరిగి నాన్న మానుకున్నారు. పుస్తకంలో ఆ పేజీ మీద కాఫీ గ్లాసు మరక తప్ప వ్యాఖ్య ఏమీ లేదు.

2001లో మన పార్లమెంటు చేసిన చట్టం ఒకటుంది. రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. చాలా దేశాల్లో లేని హక్కు. నాన్నకు ఒకసారి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, “మంచిదే. దాచుకుంటే మొలిచేదేది?” అన్నారు. చైనాలో, అమెరికాలో బీటీని మామూలు రకాల్లోనే ఎక్కువగా ఇచ్చారు. మనకు మాత్రం అది సంకరాల్లోనే వచ్చింది. హక్కు కాగితం మీద చెక్కుచెదరకుండా ఉంది, గింజ దానిని ఒప్పుకోదు.

చిన్న పొట్లాలు పెంట మీద పోసినందుకు ఫలితం కూడా చూశాము. గుజరాత్‌లో గులాబి రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంటున్నదని 2010లో కంపెనీయే ప్రకటించింది, రెండో తరం వేసుకోమని చెప్పింది. కొన్నేళ్లకు దానికీ అదే గతి. పైకి పచ్చగా నవనవలాడే కాయను చీల్చి చూస్తే లోపల గులాబి రంగు పురుగు ముడుచుకుని పడుకుని ఉండేది. రైతులు చిన్న పొట్లం నాటకపోవటమే కారణమని కంపెనీ మనుషులు అంటారు. కొంత నిజం, మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. కానీ పురుగుకు వదలవలసిన అయిదో వంతు పంట ఎవరి జేబులో నుంచి పోవాలన్నది ఆ కాగితం మీద రాయలేదు.

2015 డిసెంబరులో కేంద్రమే ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో 800 రూపాయల ప్యాకెట్‌లో జన్యువు రుసుము 49 రూపాయలు. ఇలాగైతే ఈ దేశంలో ఉండాలో లేదో ఆలోచించుకుంటామని కంపెనీ అన్నది. పోవటం వేరే విధంగా జరిగింది. 2018లో జర్మనీ కంపెనీ బేయర్ దానిని కొనివేసి ఆ పేరునే తీసివేసింది. ఎక్కడో సెయింట్ లూయిస్‌లో 1901లో ఒకాయన తన భార్య పుట్టింటి పేరు పెట్టుకున్న కంపెనీ అది. ఆ ఇంటిపేరును మా ఊళ్లో సంతకం రాని వారు కూడా తిట్టటానికి వాడుకున్నారు. నాన్న ఆ వార్త వినలేదు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు.

చేను ఇప్పుడు కౌలుకు ఇచ్చాము. 2024 ఆగస్టులో పుస్తకాల పెట్టె దించటానికి పోయినప్పుడే, కౌలుకు చేస్తున్న అబ్బాయి విత్తనాలు తెచ్చుకుని పోతూ అమ్మను పలకరించటానికి అరుగు దగ్గర ఆగాడు. ప్యాకెట్ 864 రూపాయలు. అమ్మ చూపించమంటే ఒకటి విప్పి చేతికిచ్చాడు. ఆమె దానిని అటూ ఇటూ తిప్పి, లోపల వేళ్లు పెట్టి తడిమి, “చిన్న పొట్లం ఏది అబ్బాయ్?” అని అడిగింది.

“ఇప్పుడు విడిగా ఇవ్వటం లేదు పెద్దమ్మా. వాళ్లే కలిపేస్తున్నారు” అన్నాడు.

అవి ఎవరూ నాటటం లేదని, మామూలు గింజలను కంపెనీవారే బీటీ గింజలలో ముందుగా కలిపి ఒకే సంచిలో పంపుతున్నారని అతను వివరించాడు. అమ్మ నాలుగు గింజలు అరచేతిలో పోసుకుంది. అన్నింటికీ ఒకే రంగు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక్కొక్క గింజనూ పక్కకు జరుపుతూ, వాటిలో ఏది ఏదో తేల్చుకోవాలని చూస్తూ కూర్చుంది. చేలో కూలీలు ఎదురు చూస్తున్నారని చెప్పలేక ఆ అబ్బాయి అరుగు మీద ఒక పక్కగా కూర్చున్నాడు.